చెరువు గట్టున ఆదివారాలు: క్లీనింగ్ డ్రైవ్‌ల వల్ల ఏం మారుతుంది, ఏం మారదు?

చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా 2024 జూలైలో ఏర్పాటైన దగ్గర్నుంచి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు బయట నిర్మాణాలు కూడని పట్టీ) అన్నవి హైదరాబాద్‌లో ఇంటింటి మాటలైపోయాయి. ఫ్లాటు కొనేవాళ్లు మెట్రో ఎంత దూరం అని అడిగే ముందు చెరువు ఎంత దూరం అని అడుగుతున్నారు. దాంతోపాటు కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో పిలుపులూ పెరిగాయి. 'ఆదివారం పొద్దున ఆరున్నరకు కట్ట మీద కలుద్దాం, గ్లవ్స్ మేమే ఇస్తాం, వాటర్ బాటిల్ తెచ్చుకోండి.' ఒక వారం క్లీనింగ్, ఇంకో వారం బర్డ్ వాక్, వానలు పడగానే మొక్కలు, చవితి ముందు మట్టి వినాయకులు.

వీటి మీద రెండు రకాల మాటలు వినిపిస్తాయి. 'ఫొటోల కోసమే ఇదంతా, వారం తిరక్కుండా మళ్లీ అదే చెత్త' అంటారు కొందరు. 'ఇంట్లో కూర్చుని విమర్శించడం కంటే నయమే కదా' అంటారు ఇంకొందరు. చెరువు బాగుపడిందా అన్నది మొదటివాళ్ల లెక్క, జనం కదిలారా అన్నది రెండోవాళ్ల లెక్క. ఈ రెండు లెక్కల్లోనూ పడని పనులు పర్యావరణ సంఘాలు చాలానే చేస్తాయి. కొలతలు తీయడం, రికార్డులు రాబట్టడం, అభ్యంతరాలు రాయడం లాంటివి. ఫొటోకు పనికిరావు కాబట్టి వాటి గురించి ఎవరూ మాట్లాడరు. నా అంచనాలో ఎక్కువ కాలం నిలిచేవి అవే.

## పిలిచేదెవరు, దేనికి?

'పర్యావరణ సంఘం' అన్న ఒకే మాట కింద చాలా రకాల వాళ్లుంటారు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో నమోదైన సంస్థలు కొన్ని. రిజిస్ట్రేషన్ ఊసే లేకుండా ఒక వాట్సాప్ గ్రూపుతో నడిచేవి మరికొన్ని. కాలనీ వెల్ఫేర్ అసోసియేషన్లు, ఐటీ కంపెనీల వలంటీర్ బృందాలు, 2001-02లో మొదలైన నేషనల్ గ్రీన్ కోర్ కింద బడుల్లో నడిచే ఎకో క్లబ్బులు కూడా ఇందులోకే వస్తాయి. అందరూ పెట్టే కార్యక్రమాలు పైకి ఒకేలా కనిపిస్తాయి, ఉద్దేశాలు మాత్రం వేరు.

నగరంలో పాతదే ఒక ఉదాహరణ ఉంది. 1996లో మొదలైన 'సొసైటీ టు సేవ్ రాక్స్' నిర్వహించే రాక్ వాక్‌లలో ఎవరూ ఏమీ ఏరరు, ఏమీ నాటరు. సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైట్ గుట్టల మధ్య నడిచి, చూసి వస్తారు. ఆ లెక్కన అది వట్టి షికారే. కానీ చూడని రాయి పగిలితే ఎవరికీ పట్టదు. కొన్ని రాతి గుట్టలు నగర వారసత్వ జాబితాలోకి ఎక్కడం వెనుక ఆ సంస్థ పట్టుదల ఉంది. నడకకు వచ్చే జనం ఆ పట్టుదలకు అండ.

అంటే ఒక కార్యక్రమాన్ని చూసినప్పుడు ముందు తేల్చుకోవాల్సింది దాని పని ఏమిటన్నది. జనాన్ని పోగుచేయడమా, సమాచారం సేకరించడమా, చెరువును నేరుగా బాగుచేయడమా, అధికారుల మీద ఒత్తిడి తేవడమా? ఈ చివరి రెండింటి దగ్గరే గందరగోళం ఎక్కువ.

## కనిపించే చెత్త, కనిపించని యూరియా

క్లీనింగ్ డ్రైవ్‌లో చేతికొచ్చేవి అందరికీ తెలిసినవే: పాల ప్యాకెట్లు, క్యారీ బ్యాగులు, బీరు సీసాలు, థర్మాకోల్ ముక్కలు, వాడిన పూలదండలు, అద్దం పగిలిన దేవుడి పటాలు. వీటిని తీయడం వల్ల నిజమైన ప్రయోజనమే ఉంది. తూము నోటి దగ్గరా, నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే మత్తడి దగ్గరా ప్లాస్టిక్ అడ్డుపడితే వాన రోజున నీళ్లు పోవాల్సిన దారిన పోవు. హైదరాబాద్ చెరువులు చాలావరకు గొలుసుకట్టువి, ఒకటి నిండితే కిందిదానికి పోతుంది. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీ వైపు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగినప్పుడు కింద బస్తీలకు ఏమైందో చూశాం.

అయితే చెరువు ఆరోగ్యం పాడవడానికి అసలు కారణం ఏరగలిగే చెత్త కాదు, మురుగునీరు. లెక్క వేసి చూద్దాం. చెరువు ఎగువన 1,000 ఇళ్ల కాలనీ, ఇంటికి నలుగురు అనుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు అన్నది నగర ప్రణాళికల్లో వాడే ప్రమాణం. అందులో 80 శాతం మురుగుగా బయటికొస్తుందని లెక్కగడతారు. 4,000 మందికి రోజుకు 5.4 లక్షల లీటర్లు, అందులో మురుగు 4.32 లక్షల లీటర్లు. ఇళ్ల మురుగులో నత్రజని సాధారణంగా లీటరుకు 40 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది. అంటే రోజుకు 17 కిలోల పైచిలుకు నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20.7 కిలోలు. ఆ ఒక్క కాలనీ మురుగు శుద్ధి కాకుండా కలిస్తే చెరువులో నెలకు 25 బస్తాల యూరియా గుమ్మరించినట్టు.

ఇంత ఎరువు పడ్డాక గుర్రపు డెక్క పెరగక ఏమవుతుంది? దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క అనుకూలమైన నీటిలో రెండు వారాల్లో రెట్టింపవుతుంది. తొడిమలు స్పాంజీలా ఉబ్బి తేలుతుంటాయి, కింద నల్లటి వేళ్లు కుచ్చులా వేలాడతాయి, ఒక్కో మొక్క నుంచి తీగ సాగి పక్కన పిల్ల మొక్క పుడుతుంది. ఒకటి పట్టుకుని లాగితే పక్కవి నాలుగు వెంట వస్తాయి. ఊదారంగు పువ్వు అందంగానే ఉంటుంది, సెల్ఫీలూ బాగానే వస్తాయి. కానీ మొక్కలన్నీ తీసేసినా బురదలో పడ్డ విత్తనాలు ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తితో ఉంటాయి.

డెక్కను తీయడమంటే అది పీల్చుకున్న నత్రజనిని బయటికి తీయడమే కదా అని అడగొచ్చు. నిజమే, ఎంత తీస్తామన్నదే ప్రశ్న. పచ్చి డెక్కలో 95 శాతం దాకా నీళ్లే. టన్ను తీస్తే అందులో నత్రజని సుమారు ఒక కిలో. పైన చెప్పుకున్న కాలనీ నుంచి రోజూ వచ్చేది 17 కిలోలు. ఆ లెక్కకు సరిపడాలంటే రోజుకు 17 టన్నులు తీయాలి. తీసి ఒడ్డునే కుప్పపోస్తే అది కుళ్లి మళ్లీ చెరువులోకే దిగుతుంది. ఆదివారం వచ్చే 50 మంది వల్ల అయ్యే పని కాదిది. అలాగని వాళ్ల చెమట వృథా అనీ కాదు. తూము, మత్తడి చుట్టుపక్కల మేర తెరిపిస్తే నీటి కదలిక ఉంటుంది, ఏ మూల నుంచి మురుగు దిగుతోందో కంటికి కనిపిస్తుంది.

మరి ఎస్‌టీపీ, అంటే మురుగుశుద్ధి కేంద్రం, కడితే సరిపోతుందా? శుద్ధిని కొలవడానికి ఎక్కువగా వాడే అంకె బీఓడీ. నీటిలో కుళ్లే పదార్థాన్ని సూక్ష్మజీవులు అరగదీయడానికి ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో చెప్పే కొలత అది. స్నానానికి పనికొచ్చే నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు. ఇళ్ల మురుగులో 150 నుంచి 300 దాకా ఉంటుంది. ఎస్‌టీపీ దీన్ని బాగా తగ్గిస్తుంది, వాసన పోతుంది. కానీ నత్రజని, ఫాస్ఫరస్ తీసే ఏర్పాటు విడిగా లేకపోతే తేటగా కనిపించే నీళ్లలోనూ డెక్కకు కావలసిన మేత మిగిలే ఉంటుంది. 'ఎస్‌టీపీ కట్టారు, అయినా డెక్క పోలేదు' అన్న ఫిర్యాదులో సగం రహస్యం ఇక్కడుంది. మిగతా సగం ఎస్‌టీపీ దాకా చేరకుండా వాననీటి కాలువల్లో కలిసిపోయే మురుగు. హుస్సేన్ సాగర్‌కు కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలతో వచ్చిన తంటా ఇదే.

## మత్తడి దాకా నిండితే ఎంత మేర?

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండా నీళ్లున్నప్పుడు, మత్తడి దుంకబోయే ముందు, నీరు ఎంత మేర పరుచుకుంటుందో ఆ హద్దు. ఎండాకాలంలో నీళ్లు ఎక్కడున్నాయన్నదానితో దీనికి సంబంధం లేదు. ఆ హద్దు బయట, నిర్మాణాలు చేయకూడని పట్టీ బఫర్ జోన్. 2012 నాటి 168 నంబరు జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువులకు ఇది 30 మీటర్లు. అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. 10 మీటర్ల కంటే వెడల్పైన నాలాలకు 9, సన్నవాటికి 2 మీటర్లు.

దీన్నిబట్టి, ఎఫ్‌టీఎల్ హద్దుకు 20 మీటర్ల దూరంలో ఒక ప్లాటు ఉందనుకోండి. పక్కనున్నది 12 ఎకరాల కుంట అయితే బఫర్ నిబంధన అడ్డురాదు. 30 ఎకరాల చెరువు అయితే అదే దూరంలో ఇల్లు కట్టడానికి వీల్లేదు. చెరువు విస్తీర్ణం 24 ఎకరాలా, 26 ఎకరాలా అన్న చోట గొడవలు ఎందుకు ముదురుతాయో దీంతో అర్థమవుతుంది.

పైగా చాలాచోట్ల చెరువు గర్భంలోనే పట్టా భూములున్నాయి. వీటిని శిఖం పట్టాలంటారు. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు ఉంటుంది, కట్టడాలకు ఉండదు. 'పట్టా ఉంది, ఆక్రమణ ఎలా అవుతుంది' అని యజమాని అడగడం, 'పట్టా ఉన్నా ఎఫ్‌టీఎల్‌లో కట్టకూడదు' అని అధికారులు చెప్పడం ఇక్కణ్నుంచే మొదలవుతుంది. మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర 2024 ఆగస్టులో జరిగిన ఎన్ కన్వెన్షన్ హాలు కూల్చివేత మీద నడిచిన వాదన ఇదే తీరు.

ఇరువైపులా బలమైన మాటలున్నాయి. మున్సిపల్ అనుమతి చూసి, బ్యాంకు లోన్ తీసుకుని కొన్నవాళ్లు 'తప్పు అనుమతి ఇచ్చినవాళ్లది కదా, ఇల్లు మాది ఎందుకు పోవాలి' అంటారు. కాదనలేం. చెరువు దిగువ బస్తీల వాళ్లు 'ఆ అనుమతుల వల్లే మా ఇళ్లలోకి నీళ్లొస్తున్నాయి' అంటారు. అదీ కాదనలేం. పూడిక వల్లో, వచ్చే కాలువ మూసుకుపోవడం వల్లో నీళ్లు పాత హద్దు దాకా రాకపోతే, హద్దు కుదించాలని భూముల యజమానులు కోరతారు. పూడిక తీసి కాలువ తెరిస్తే మళ్లీ వస్తాయి కదా అని సంఘాలు వాదిస్తాయి. అంబర్‌పేటలో మట్టితో పూడిపోయిన బతుకమ్మ కుంటను 2025లో తవ్వి నీళ్లు నిలిపాక ఈ రెండో వాదనకు బలం పెరిగింది.

హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) పరిధిలో మూడు వేలకు పైగా చెరువులున్నాయి. ప్రతిదానికీ సర్వే చేసి, ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు విని, తుది నోటిఫికేషన్ ఇవ్వాలి. ఏళ్లు గడిచినా 2024 నాటికి ఎక్కువ భాగం ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఆగిపోయాయి. సంఘం నడిపే 'లేక్ వాక్'కు ఇక్కడ పని పడుతుంది. సెప్టెంబరులో నిండు చెరువు చుట్టూ నడిచి, తేదీతో, లొకేషన్‌తో ఫొటోలు తీసి పెట్టుకుంటే నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో సాక్ష్యం మిగులుతుంది. హద్దు రాళ్లు జరిగితే తెలుస్తుంది. 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి సర్వే మ్యాపు తెచ్చుకున్నవాళ్లు అభ్యంతరాల గడువులో మాట్లాడగలుగుతారు. పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌కు వెళ్లాలంటే సాధారణంగా వివాదం మొదలైన ఆరు నెలల్లోపు వెళ్లాలి. తేదీలు రాసిపెట్టుకోని సంఘం ఎంత ఆవేశంగా వెళ్లినా అక్కడ తడబడుతుంది.

## పిట్టల్ని లెక్కపెడితే ఏమొస్తుంది?

బర్డ్ వాక్ అంటే ఖరీదైన కెమెరాల సరదా అన్న పేరుంది. కొంత నిజం కూడా. అయితే ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో పాల్గొనడానికి కెమెరా అక్కర్లేదు. కనీసం 15 నిమిషాలు ఒకచోట చూసి, కనిపించిన పక్షుల జాబితా, సంఖ్య నమోదు చేస్తే చాలు. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి నడుస్తోంది. ఒక్క రోజు జాబితాతో ఏమీ తెలియదు. పదేళ్ల జాబితాలు ఉంటే మాత్రం బురద ఒడ్డుల్లో తిరిగే ఉల్లంకి పిట్టలు ఏ ఏడాది నుంచి రావడం మానేశాయో, ఆ ఏడాది ఒడ్డున ఏం కట్టారో పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందింది. నగరాల పక్కనున్న జలవనరుకు దేశంలో అలాంటి హోదా రావడం అదే మొదలు. అక్కడికొచ్చే పక్షులు నమోదై ఉండబట్టే హోదా ఇవ్వాలన్న వాదన నిలిచింది. హోదా వచ్చాక ఆక్రమణల ఫిర్యాదులు ఆగిపోయాయా అంటే, లేదు. 2024లో హైడ్రా కూల్చివేతలు అమీన్‌పూర్ వైపూ జరిగాయి. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వ్యవహారాన్ని సుప్రీంకోర్టు తనంతట తాను చేపట్టి చెట్ల నరికివేత ఆపించింది. అక్కడ బతికే జీవుల గురించి విద్యార్థులు, ప్రకృతి ప్రేమికులు అంతకుముందే ఏళ్లుగా రాసిపెట్టుకున్నవి ఆ చర్చలో జనం ముందుకొచ్చాయి.

## టీషర్టు మీద లోగో

కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టాలి. సగటు లాభం 50 కోట్లయితే ఏడాదికి కోటి రూపాయలు. ఐటీ కారిడార్ చెరువుల దగ్గర కంపెనీ బోర్డులు కనిపించడానికి ఇదే మూలం.

చాలామందికి తెలియని సంగతులు రెండున్నాయి. ఒకటి, ఉద్యోగులు వచ్చి చెత్త ఏరిన గంటలకు వెలకట్టి ఆ 2 శాతంలో చూపించుకోవడం కుదరదు. రెండు, మారథాన్లు, అవార్డుల ఫంక్షన్ల లాంటి ఒక్కరోజు కార్యక్రమాల ఖర్చు లెక్కలోకి రాదని కేంద్రం 2014లోనే స్పష్టం చేసింది. కాబట్టి 'సీఎస్ఆర్ కోసం వచ్చి ఫొటో దిగారు' అనే మాట చాలాసార్లు తప్పు. అది టీమ్ బిల్డింగో, ప్రచారమో అయ్యుండొచ్చు. నిజమైన సీఎస్ఆర్ డబ్బు ఉంటే అది ప్రాజెక్టు రూపంలో, ఏడాది చివర రిపోర్టుతో వస్తుంది. చిన్న సంఘాల కష్టం ఇక్కడే. ఒక్కరోజు ఈవెంట్‌కు బ్యానరు, టిఫిన్లు ఇచ్చే స్పాన్సర్ సులువుగా దొరుకుతాడు. ఏడాది పొడవునా నెలకోసారి నీటి పరీక్షకు డబ్బు అడిగితే ఎవరూ ఫోను ఎత్తరు.

## మొక్కలు, మట్టి గణపతి

మొక్కల సంగతి క్లుప్తంగా: నాటిన రోజు లెక్క కంటే మూడో ఎండాకాలం తర్వాత బతికున్న లెక్క ముఖ్యం. ఇంకో చిక్కూ ఉంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న రాతి గుట్టలు, ముళ్లపొదలు, గడ్డి నేలలు ఖాళీ స్థలాలు కావు, దక్కన్‌కు సహజమైన అడవి తీరే అది. అక్కడ గుంతలు తవ్వి వరుసలుగా చెట్లు నాటితే ఉన్నదాన్ని పోగొట్టుకున్నట్టే.

మట్టి వినాయకుల పంపిణీ సంఘాలు చేసే పనుల్లో ఎక్కువ ఇళ్లకు చేరేది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీటిలో త్వరగా కరగదు, రంగుల్లోని లోహాలు అడుగున చేరతాయి. 2021లో హైకోర్టు హుస్సేన్ సాగర్‌లో ఆ విగ్రహాల నిమజ్జనం వద్దంది. ఇంటి విగ్రహాల్లో మార్పు బాగానే కనిపిస్తోంది. మండపాల పెద్ద విగ్రహాల దగ్గర అంత సులువు కాదు. అక్కడ ఎత్తు, పోటీ, ధూల్‌పేట కళాకారుల బతుకుదెరువు అన్నీ కలిసి ఉన్నాయి.

## వాకింగ్ ట్రాక్ వేస్తే చెరువు బాగుపడినట్టేనా?

సంఘాల లోపలే ఎక్కువ వాదనలు జరిగేది దీని మీద. ట్రాక్, లైట్లు, కంచె ఉంటే ఆడవాళ్లు, పెద్దవాళ్లు ధైర్యంగా నడవగలరు, పది మంది తిరిగే చోట రాత్రికి రాత్రి మట్టి పోసి పూడ్చడం కుదరదు. ఈ వాదన గట్టిదే. పక్షులను గమనించేవాళ్లు ఇంకోలా చెబుతారు. ఉల్లంకులకు, కొంగలకు కావలసింది వాలుగా దిగే బురద ఒడ్డు, లోతు తక్కువ నీళ్లు. నిట్టనిలువు రాతి గోడ కట్టి చుట్టూ సిమెంటు పరిస్తే అది వాటికి పనికిరాదు. ట్రాక్‌ను ఎఫ్‌టీఎల్ లోపలే వేస్తే, చెరువును కాపాడే పేరుతో చెరువునే కుదించినట్టవుతుంది. ఒక వైపు నడకకు, ఒక వైపు పక్షులకు వదిలేయాలన్న మధ్యేమార్గం చిన్న కుంటల్లో చోటు చాలక కుదరదు, పెద్ద చెరువుల్లో కుదురుతుంది.

ఈ చర్చలో తరచుగా కనిపించనివాళ్లు మత్స్యకారులు. నగరంలోని కొన్ని చెరువుల్లో ఇప్పటికీ ముదిరాజ్, గంగపుత్ర సహకార సంఘాలు చేపలు పెంచి పట్టుకుంటున్నాయి. వలంటీర్లు ఆరున్నరకు వస్తే వీళ్లు తెల్లవారుజామునే వల వేసుకుని ఉంటారు. మొదటి గట్టి వానకు నాలాల్లో పేరుకున్న మురుగంతా ఒక్కసారి చెరువులోకి కొట్టుకొస్తుంది. దాన్ని అరగదీయడానికి సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్ వాడేస్తాయి. రాత్రి నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారేసరికి చేపలు వెల్లకిలా తేలతాయి. ఏ నాలా వల్ల, ఎన్నింటికి మొదలైందో మత్స్యకారులకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆదివారం కార్యక్రమం పోస్టరు మీద మాత్రం వాళ్ల పేరుండదు.

అలా చేపలు చచ్చిన రోజున ఫిర్యాదు ఎవరికివ్వాలి? మురుగు లైను జలమండలిది. కట్ట, తూము నీటిపారుదల శాఖవి. భూమి రికార్డులు రెవెన్యూవి. ఆక్రమణలు హైడ్రా చూస్తుంది. నీటి నమూనా తీయాల్సింది కాలుష్య నియంత్రణ మండలి, నష్టం రాసుకోవాల్సింది మత్స్యశాఖ. చచ్చిన చేప ఒకటి రెండు రోజుల్లో కుళ్లిపోతుంది, నాలా నీళ్లు ఒక్కరోజులో రంగు మారిపోతాయి. నమూనా ఆ పొద్దుటే తీయాలి. ఏ ఆఫీసులో ఎవరు ఫోను ఎత్తుతారో తెలిసిన సంఘం ఉన్న చెరువుకే అది జరుగుతుంది.